కృష్ణా డెల్టా శివారు భూములలో పంటల ప్రణాళిక

విజయవాడ వద్ద కాలువలకు నీరు విడిచిన కొద్ది దినములకే కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతములలో నారుమళ్లు తడియును. అదే నీరు కృత్తివెన్ను, బంటుమిల్లి, కోడూరు, నాగాయలంక వైపు చివరి బోదెలకు చేరుటకు కొన్ని యేండ్లలో వారములు గడచిపోవును. పడమటి డెల్టాలో నిజాంపట్నం, కర్లపాలెం వైపు శివారు రైతుల సంగతియు ఇంతే. ఎగువ రైతు ఊడ్పులు ముగించుకొని రెండవ కలుపు తీయుచుండగా శివారు రైతు గట్టు మీద నిలిచి తూము వైపు చూచుచుండును.

ఏటికి సుమారు 40 అంగుళముల వాన కురియు ఈ ప్రాంతమును కరువు సీమ అని ఎవరును అనరు. అయినను జనవరి నుండి మే వరకు ఈ తీరపు చేనిని చూచిన వారికి, అది మెట్ట సీమల చేని కంటె ఎక్కువ ఎండిన చేను వలె కనబడును. నేలలో తేమ ఉన్నను ఉప్పు దానిని పట్టి ఉంచుటచే వేరునకు అందదు. తడి నేలలో నిలిచియు పైరు వాడిపోవుట మీలో చాలమంది చూచియే యుందురు.

ఇట్టి భూమిలో పంటల ప్రణాళిక ఎగువ భూములలో వలె విత్తనముతో మొదలు కారాదు. ముందు మురుగు పోవు దారి చూచుకొనవలెను. పిమ్మట తీపి నీరు ఏ తేదీకి వచ్చునో, ఏ తేదీకి ఆగునో చూడవలెను. ఆ రెండు తేదీల నడుమ ఇమిడెడు పంటను ఏరుకొనవలెను. విత్తనము చివరి మాట. ఈ వరుసను తలక్రిందులు చేసి, ఎగువ ఊరి చుట్టము వేసిన రకమునే శివారులో వేసి నష్టపడిన వారు ప్రతి గ్రామములోను ఉన్నారు.

నీటి లెక్క

1852లో మొదలిడి 1855లో ముగించిన ఆనకట్టతో కృష్ణా డెల్టా సేద్యము స్థిరపడెను. 1952లో ఆ ఆనకట్టకు గండి పడగా, దానికి బదులు ప్రకాశం బ్యారేజీ కట్టబడి 1957లో పూర్తియయ్యెను. ఉభయ డెల్టాల ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరములు. బచావత్ ట్రిబ్యునలు ఈ ఆయకట్టునకు నిర్ణయించిన నీరు 181.2 టి.ఎం.సి.లు.

ఈ అంకెను మీ చేని మీదికి దింపి చూడుడు. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. 181.2 టి.ఎం.సి.లను 13 లక్షల ఎకరములకు సమముగా పంచినచో, ప్రతి ఎకరము పైన సుమారు 38 అంగుళముల నీరు నిలుచును. ఇది కాలువ మొదట కొలిచిన నీరు. దారిలో ఇంకిపోవునది, ఆవిరియగునది, తూములలో కారిపోవునది పోగా చేనికి చేరునది చాల తక్కువ. వరి పైరునకు నేలను బట్టి 45 నుండి 50 అంగుళములు కావలెను. లోటును వాన తీర్చవలెను. జూన్ నుండి సెప్టెంబరు వరకు పడు వాన ఏటి మొత్తములో ఎక్కువ భాగము. అక్టోబరు, నవంబరు నెలలలో మరికొంత పడును.

మొత్తము మీద చూచిన డెల్టాకు నీరు చాలనిది కాదు. శివారు రైతును దెబ్బ తీయునది నీటి కొలత కంటె నీటి తేదీ. ఎగువ రాష్ట్రములలోను, శ్రీశైలము, నాగార్జునసాగరములలోను జలాశయములు నిండుట ఆలస్యమైన యేడు ఆగస్టు వరకు కాలువలు కదలని సందర్భములు కలవు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకము మొదలైనప్పటి నుండి గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మార్గమున వచ్చి కృష్ణలో కలియుటచే ఈ చిక్కు కొంత తగ్గినది. ఎగువన పులిచింతల జలాశయము గూడ తోడైనది. అయినను కాలువ మొదటిలో వచ్చిన సుఖము చివరి బోదె దాక రావలెనన్నచో నడుమ బోదెల పూడిక తీయించవలెను, వంతుల పద్ధతి నడువవలెను.

1997లో వచ్చిన సాగునీటి యాజమాన్య చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. సంఘము చురుకుగా ఉన్న చోట్ల వంతులు చివరి నుండి మొదలు పెట్టు ఆనవాయితీ పెట్టుకొనుట మంచిది. ఎగువ రైతు దీనికి మొదట ఒప్పుకొనడు. అతని పొలము మీదుగానే నీరు దిగువకు పోవును గనుక తన తడికి లోటు రాదని ఒక యేడు చూపించిన తరువాత ఒప్పుకొనును. జూన్ మొదటి వారములోనే లస్కరును, సంఘము వారిని కలిసి, గడచిన మూడేండ్లలో మీ తూమునకు నీరు చేరిన తేదీలు వ్రాసి పెట్టుకొనుడు. ఆ మూడింటిలో అన్నిటికంటె ఆలస్యమైన తేదీనే మీ ప్రణాళికకు ఆధారముగా తీసికొనవలెను. ముందు వచ్చినచో లాభమే.

ఉప్పు లెక్క

కాలువ నీరు తీయనిదే అయినను దానిలో ఉప్పు అసలే లేదనుకొనరాదు. ఉదాహరణకు లీటరులో 320 మిల్లీగ్రాముల లవణములున్న మంచి నీటిని తీసికొందము. ఎకరము మీద అంగుళము నీరు అనగా సుమారు లక్షా మూడు వేల లీటర్లు. దానితో వచ్చు ఉప్పు 33 కిలోలు. పంట కాలములో 30 అంగుళములు పారించినచో దాదాపు ఒక టన్ను, అనగా 50 కిలోల బస్తాలు ఇరువది. నీరు ఆవిరియై ఆకాశమునకు పోవును. ఉప్పు ఎక్కడికిని పోదు. మురుగు కాలువ గుండ దానిని బయటికి పంపినచో సరి, లేనిచో ఏటేటికి ఇరువది బస్తాలు మీ చేలోనే దాచినట్లు. ఇది గాక సముద్రపు పోటు వెంట డ్రైనులలోనికి ఎక్కి వచ్చునది, అడుగున ఉన్న ఉప్పు నీరు వేసవిలో పైకి ప్రాకి తెచ్చునది వేరు.

వేసవిలో పైకి ప్రాకు ఈ ఉప్పే ఎక్కువ హాని చేయును. నీటి మట్టము మూడు నాలుగు అడుగుల లోతులోనే ఉన్న నల్లరేగడిలో, కోత తరువాత బోడిగా వదలిన చేను దీపపు వత్తి నూనె పీల్చినట్లు క్రింది నీటిని పీల్చును. ఏప్రిలు నాటికి తెల్లని పొర కట్టును. గడ్డి కప్పిన చోట ఈ పొర పలుచగా ఉండుట మీరే చూడవచ్చును.

నేల పరీక్షకు మట్టి తీయుటకు తగిన కాలము మే నెల. పై పొరను వేరుగాను, ఆరు అంగుళముల వరకు వేరుగాను, అడుగు వరకు, రెండడుగుల వరకు వేరువేరుగాను తీయవలెను. అన్నిటిని కలిపి ఒక సంచిలో పోసినచో ఆ నివేదిక దేనికిని పనికిరాదు. నివేదికలో రెండు అంకెలు ముఖ్యము. ఒకటి ఇ.సి., ఇది ఉప్పు ఎంత ఉన్నదో చెప్పును. రెండవది పి.హెచ్. ముద్ద చేసిన మట్టి నుండి తీసిన సారమునకు ఇ.సి. 4 దాటినచో అది పాలచౌడు. పి.హెచ్. 8.5 దాటి, మట్టి రేణువులను సోడియము పట్టుకొని యున్నచో కారుచౌడు. ఇక్కడ ఒక హెచ్చరిక. చాల ప్రయోగశాలలు ముద్ద సారము గాక, ఒక పాలు మట్టికి రెండు లేక రెండున్నర పాళ్లు నీరు కలిపి కొలుచును. ఆ పద్ధతిలో వచ్చు అంకె తక్కువగా ఉండును. “నా చేలో ఒకటిన్నరే కదా” అని ధైర్యపడకముందు ఏ పద్ధతిలో కొలిచినారో అడిగి తెలిసికొనుడు.

ఇంటి వద్ద చేసికొనదగిన పరీక్ష ఒకటి కలదు. సీసాలో గుప్పెడు మట్టి వేసి, వాన నీరు పోసి బాగుగా కదలించి ఒక పూట నిలిపి ఉంచుడు. పాలచౌడు మట్టియైనచో నీరు త్వరగా తేరుకొనును. కారుచౌడు అయినచో మరునాటికిని బురద నీరుగానే ఉండును. ఇది ప్రయోగశాలకు బదులు కాదు గాని, జిప్సము కొనవలెనా వద్దా అను ఆలోచనకు సాయపడును. జిప్సము కారుచౌడునకు మందు. పాలచౌడునకు అది అక్కరలేదు, దానికి మందు మంచి నీరును, మురుగు దారియును. ప్రక్క రైతు వేసినాడని పాలచౌడులో జిప్సము చల్లుట డబ్బు బూడిదలో పోసినట్లే.

సముద్రపు నీరు నేరుగా చేల మీదికి వచ్చినప్పుడు మాత్రము సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమపై వచ్చిన ఉప్పెన వంటి దాని తరువాత నేలలో ఉప్పుతో బాటు సోడియమును చేరును. కేవలము మంచి నీటితో కడిగినచో ఉప్పు పోయి సోడియము మిగిలి నల్లమట్టి బిగిసిపోవును. హాలండు దేశములో 1953 ఫిబ్రవరిలో సముద్రము పొంగి వేలాది ఎకరములు మునిగినప్పుడు, అచటి వారు జిప్సము చల్లి నేలను బాగుచేసికొని, ఉప్పునకు ఓర్చు బార్లీ వంటి పైరులతో తిరిగి సేద్యము మొదలిడిరి. అట్టి సమయములలో తొందరపడి బురదలో దున్నుట మంచిది కాదు.

మురుగు పోవు దారి

డెల్టాలో నీటి కాలువలకు ఉన్న గౌరవము మురుగు కాలువలకు లేదు. కాలువకు గండి పడినచో ఊరంతయు పరుగెత్తును. డ్రైనులో తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకొని రెండేండ్లయినను ఎవరికిని పట్టదు. 1960లలో మిత్రా సంఘము డెల్టా మురుగు సమస్యను పరిశీలించిన పిమ్మట, 1968లో ఈ పనులకై డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చెను. లజ్జబండ, గుండేరు వంటి పెద్ద డ్రైనులు తవ్వినను, వాని మొగలు ఇసుక మేట వేసి మూసికొనిపోయినచో నీరు సముద్రములోనికి దిగదు. మొగ తెరచి యుండుట ఒక రైతు చేతిలో ఉన్న పని కాదు. ఆ పనికి సంఘము అర్జీ పెట్టవలెను. వర్షములకు ముందే పెట్టవలెను, ముంపు వచ్చిన తరువాత కాదు.

మీ చేతిలో ఉన్నది చేని మురుగు. ఎకరము రెండెకరముల మడులుగా విభజించి, వాలు చివర రెండు మూడడుగుల లోతు కాలువ తీసి ఊరి డ్రైనులో కలుపవలెను. పై మడి నీరు క్రింది మడి గుండ పోవు పద్ధతిలో పై మడి ఉప్పు క్రింది మడి రైతుకు చేరుచున్నది. చివరి మడి వాడు పది మంది ఉప్పును మోయుచున్నాడు. అందుచే ప్రక్క ప్రక్క రైతులు కలిసి ఒకే మురుగు కాలువ తీసికొనుట ఖర్చు తగ్గించుటకే గాక న్యాయమునకు గూడ అవసరము.

భూమి లోపల చిల్లుల గొట్టములు పరచి ఉప్పు నీటిని తీసివేయు పద్ధతిని బాపట్ల శాస్త్రజ్ఞులు ఇండో-డచ్చి పథకములో కృష్ణా పడమటి డెల్టా శివారున ఉప్పుగుండూరులో రైతుల పొలములలోనే పరీక్షించిరి. బహిరంగ కాలువలతోను, గొట్టములతోను నేల బాగుపడుట అచటి రైతులు చూచిరి. ఖర్చు ఒక్క రైతు భరించలేనిది. పైగా గొట్టపు నీరు దిగుటకు బయటి డ్రైను లోతుగా ఉండవలెను, లేనిచో పంపు పెట్టి తోడవలెను. ఇట్టి పని గ్రామము మొత్తము కలిసి ప్రభుత్వ సహాయముతో చేసికొనదగినది.

తొలకరి వానలను వృథాగా పోనీయరాదు. గట్లు బలపరచి, పడిన వానను మడిలో రెండు మూడు దినములు నిలిపి, కలియబెట్టి, ఆపై మురుగు కాలువలోనికి వదలవలెను. ఇట్లు రెండు మూడు మార్లు చేయవలెను. అడుగు లోతు నేల గుండ అడుగు నీరు దిగిపోయినచో ఉప్పులో నూటికి 70–80 వంతులు కొట్టుకొని పోవునని సామాన్యపు లెక్క. నల్లరేగడిలో నీరు అంత సులభముగా క్రిందికి దిగదు గనుక ఓపిక కావలెను. ఆకాశము ఉచితముగా ఇచ్చు ఈ నీటి కంటె తీపి నీరు మరి యెక్కడను దొరకదు.

డ్రైను నీటిని ఇంజనుతో తోడి పారించుట శివారు గ్రామములలో అలవాటు. తప్పనిసరియైనప్పుడు తప్పదు. కాని అమావాస్య, పౌర్ణమి దినములలో పోటు ఎక్కువ దూరము ఎక్కి వచ్చును. పోటు వేళ తోడిన నీటికిని, ఆటు వేళ తోడిన నీటికిని ఉప్పులో చాల తేడా యుండును. రెండు వేళల నీరు రెండు సీసాలలో పరీక్షకు పంపుడు. ఆ తరువాత ఇంజను ఏ వేళ నడుపవలెనో మీకే తెలియును.

తేదీల లెక్క

ఇపుడు పంటకు వత్తము. మీ తూమునకు నీరు ఆగస్టు 20 నాటికి గాని రాదని అనుకొందము. జూన్ మధ్యలో తొలకరికి జీలుగ ఎకరమునకు 10–12 కిలోలు చల్లుడు. ఉప్పునకు ఓర్చుకొను పచ్చిరొట్టలలో దీనికి మించినది లేదు. ఆగస్టు మొదటి పక్షమునకు దానికి 45–50 దినములు నిండి పూతకు వచ్చును. వాన నీటితోనే కలియదున్నవచ్చును. నీరు ఆలస్యమగుట ఇక్కడ మీకు అనుకూలించినట్లే.

జూలై 20న నారు పోయుడు. చౌడు మడిలో నారు పోయరాదు. వరి మొలక దశలోను, పూత దశలోను ఉప్పునకు మిక్కిలి సున్నితము. ఎగువన తీపి నీరున్న చోట నలుగురు రైతులు కలిసి ఒక నారుమడిని కౌలుకు తీసికొనుట మేలు. నెల దాటి, 30–35 దినముల ముదురు నారును, కుదురునకు నాలుగైదు మొక్కలు చొప్పున, దగ్గర దగ్గరగా నాటవలెను. చౌడులో కొన్ని కుదుళ్లు చచ్చుట తప్పదు గనుక ఆ లెక్క ముందే వేసికొనవలెను. చౌడు నేలలో జింకు లోపము సాధారణము. ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దమ్ములో వేయవలెను గాని భాస్వరపు ఎరువుతో కలుపరాదు. నత్రజని సిఫారసు కంటె నాలుగవ వంతు ఎక్కువ వేసి, ఎక్కువ దఫాలుగా విభజించి వేయవలెను.

జూలై 20న పోసిన 150 దినముల రకము డిసెంబరు 17 ప్రాంతమున కోతకు వచ్చును. పూత నవంబరు మధ్యలో ఉండును. 135 దినముల రకమునకు పూత నవంబరు మొదట, కోత డిసెంబరు మొదట. 120 దినముల రకమునకు పూత అక్టోబరు మూడవ వారము, కోత నవంబరు 17 ప్రాంతము. ముదురు నారు నాటుటచే నాలుగైదు దినములు అటునిటు కావచ్చును.

ఈ మూడింటిలో ఏది మంచిది? తుపానుల తేదీలు ప్రక్కన పెట్టి చూడుడు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. హెలెన్ తుపాను 2013 నవంబరు 22న మచిలీపట్నం సమీపమున తీరము దాటెను. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద దాటి కోతకు వచ్చిన వరిని, పనలను, కళ్లములోని ధాన్యమును ముంచెను. కావున తుపాను నుండి పూర్తిగా తప్పించు తేదీ ఏదియు లేదు. ఏ దశలో దెబ్బ తగిలినచో తక్కువ నష్టమో ఎంచుకొనుటయే మన చేతిలో ఉన్నది. 120 దినముల రకము నవంబరు మధ్యకే ఇంటికి చేరవచ్చును గాని, అక్టోబరు వానలలో పూత పుప్పొడి రాలి తాలు పెరుగు భయము కలదు. 150 దినముల రకమునకు దిగుబడి ఎక్కువ, కాని కాలువ ఆగిన తరువాత గింజ పాలు పోసికొనుచున్న వేళ నీరు లేక ఉప్పు పైకి వచ్చును. పైగా మినుము ఆలస్యమగును. శివారు చేలకు 130–140 దినముల రకములే కాళ్లూని నిలుచునని ఈ వ్యాసకర్త అభిప్రాయము. భూమి అంతయు ఒకే రకము వేయక, మూడవ వంతు తక్కువ కాలపు రకముతో నింపుట భీమా వంటిది.

సాంబ మసూరి అన్నము రుచికి సాటిలేనిదే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన ఈ బి.పి.టి. 5204 రకము దేశమంతట పేరు పొందినది. కాని చౌడు శివారులో, పడిపోవు స్వభావము గల రకమును నవంబరు గాలికి ఎదురు నిలుపుట సాహసము. మచిలీపట్నం పరిశోధనా స్థానము ఉప్పు నేలలకై ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 103 వంటి రకములను రూపొందించినది. విత్తనము అమ్మువానిని నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఎన్ని దినములు? కాండము నిలుచునా? తడిసిన గింజ వెన్ను మీదనే మొలకెత్తునా? ఉప్పునకు ఎంత ఓర్చును? సాధారణ వరికి ముద్ద సారపు ఇ.సి. 3 దాటిన తరువాత ఒక్కొక్క అంకెకు దిగుబడి నూటికి 12 వంతుల చొప్పున తగ్గునని అంచనా. ఆరు ఉన్న చోట మూడవ వంతుకు పైగా పోయినట్లే.

పడిపోయిన వరి మొలకెత్తు సూచన కనబడినచో, నీరు తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లినచో మొలక ఆగును. ఉప్పుతో బాధపడు రైతుకు ఉప్పు ఉపకరించు సందర్భము ఇదొక్కటే.

నీరు సెప్టెంబరు 10 దాటి వచ్చునట్లున్నచో దీర్ఘకాలపు రకముల మాట మరచిపోవలెను. నాటుట మాని మొలకెత్తిన విత్తనమును దమ్ములో చల్లుట, డ్రమ్ము సీడరుతో వేయుట కొందరు చేయుచున్నారు. వారము పది దినములు కలిసివచ్చును. కాని చౌడు ఎక్కువగా ఉన్న మడిలో ఇది మొలక దశనే ఉప్పునకు అప్పగించుట గనుక, తొలకరి నీటితో బాగుగా కడిగిన చేలోనే చేయదగును. సెప్టెంబరు ఆఖరుకు కూడ నీరు రానిచో వరిపై ఆశ వదలుకొని, జీలుగను కలియదున్ని, నవంబరు వానలు వెనుకబడిన తరువాత అపరాలు వేసికొనుడు. ఊడ్చిన పైరు ఎండిపోవుట కంటె ఊడ్వని చేనిలో ఖర్చు తక్కువ.

వరి వెనుక మినుము

కోతకు రెండు మూడు దినముల ముందు నిలిచిన వరిలోనే మినుము చల్లుట మన డెల్టా రైతుల తెలివి. దున్నక, నీరు పెట్టక, మిగిలిన తేమతోనే పంట తీయు ఈ పద్ధతి మరి కొన్ని చోట్ల మాత్రమే కనబడును. ఎకరమునకు 16 కిలోల శుద్ధి చేసిన విత్తనము చాలును. నవంబరు రెండవ పక్షము నుండి డిసెంబరు ఆఖరు వరకు చల్లుటకు అదను. జనవరి దాటినచో ఎండ, ఉప్పు, పల్లాకు తెగులు మూడును ఒక్కసారి వచ్చును. తెల్లదోమ ఆ తెగులును వ్యాపింపజేయును గనుక తెగులు తట్టుకొను లాం రకములు ఎంచుకొనుడు. బంగారుతీగ విత్తనము మినుములో కలిసి వచ్చును. జల్లెడ పట్టక చల్లినచో ఆ యేడే గాక పై యేండ్లలో గూడ చేను పసుపు వలతో కప్పబడును.

యంత్రముతో కోయు చేలలో చక్రముల దారిన మొలక నలిగిపోవును. అట్టి చోట కోతకు ముందే నీరు బాగుగా తీసివేసి నేల గట్టిపరచుట ముఖ్యము.

మినుము, పెసర ఉప్పునకు ఓర్చునవి కావు. పాలచౌడు మచ్చలలో వాని విత్తనము పారవేయకుడు. అచట జొన్న వేసికొనుట మేలు. గింజ రానిచో పశువులకు చొప్ప యైనను దక్కును. అదియు వేయలేని మడిలో వరిగడ్డిని పరచి ఉంచుడు. గడ్డిని తగులబెట్టి నేలను ఎండకు విప్పి పెట్టిన రైతు ఉప్పును తానే పైకి పిలుచుకొన్నట్లు.

ఇసుక భూములలో దొరువులు

తీరము వెంబడి ఇసుక పర్రల సంగతి వేరు. అచట వాన నీరు ఇసుకలోనికి దిగి, అడుగున ఉన్న సముద్రపు నీటి మీద తేలియాడు పొరగా నిలుచును. సముద్ర మట్టమునకు పైన తీపి నీరు ఒక అడుగు ఎత్తున ఉన్నచో, క్రింద సుమారు 40 అడుగుల లోతు వరకు తీపి నీరు ఉండునని శాస్త్రపు లెక్క. అడుగు నీరు దింపినచో క్రింది ఉప్పు 40 అడుగులు పైకి వచ్చునని దీని అర్థము. అందుకే లోతైన బోరు వేసి పెద్ద మోటారు పెట్టినవాని నీరు రెండు మూడేండ్లలో ఉప్పగిలుచున్నది. పూర్వులు తవ్విన దొరువులలో కడవలతో ముంచి పోయుట వెనుక ఈ జ్ఞానమే ఉన్నది. బాపట్ల ఉప్పునీటి పరిశోధనా కేంద్రము దీనినే మెరుగుపరచి, తక్కువ లోతులో అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి నడుమ బావిలోనికి నీరు చేర్చు పద్ధతిని రూపొందించినది. చిన్న మోటారుతో మెల్లగా తోడి, తుంపర లేక బిందు సేద్యముతో కూరగాయలు, వేరుసెనగ, మల్లె పండించుకొనవచ్చును. వేసవి చివర నీటి రుచి మారినచో ఆ యేటికి తోడుట ఆపవలెను.

రొయ్యల చెరువుల ప్రశ్న

వరి గిట్టుబాటు కాక శివారు రైతు భూమిని చెరువునకు ఇచ్చుట నేడు సాధారణమైనది. ఏటి కౌలు వరి కౌలు కంటె ఎక్కువగా కనబడును గనుక అతనిని తప్పు పట్టలేము. కాని ఉప్పు నీటి చెరువు గట్టు దాటి ప్రక్క చేలోనికి ఊరును. ఒకని కౌలు పదుగురి పంటపై భారమగును. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పెను. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టము వచ్చి చెరువులకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసెను.

కేరళలోని పొక్కాలి చేలలో వానకాలమున వరి, వేసవిలో రొయ్య ఒకే భూమిలో పండించుట విని మనవారు ముచ్చట పడుదురు. అచట ఏటి వాన మన దానికి మూడు రెట్లు. జూన్ వానలే వేసవి ఉప్పును కడిగివేయును. మన 40 అంగుళములకు ఆ శక్తి లేదు. ఆ పద్ధతిని ఇచట ఉన్నదున్నట్లు దించుకొనుట వీలుపడదు.

మీ ప్రక్కన చెరువు ఇప్పటికే ఉన్నచో, గట్టునకును మీ చేనికిని నడుమ మీ నేల కంటె లోతైన కాలువ ఉండవలెనని పట్టుబట్టుడు. ఊట నీరు ఆ కాలువలో పడి డ్రైనునకు పోవును. చెరువు మార్చిన నీరు పంట కాలువలో పడకుండ చూచుట సంఘము బాధ్యత. మీ భూమినే కౌలుకు ఇచ్చుటకు నిశ్చయించుకొన్నచో, ఇచ్చుటకు ముందు మట్టి పరీక్ష చేయించి ఆ నివేదికను ఒప్పంద పత్రమునకు జతపరచుడు. గడువు ముగిసిన పిమ్మట గట్లు చదును చేయుట, నేలను రెండు వానకాలములు కడుగుట, అవసరమైన జిప్సము చల్లుట ఎవరి ఖర్చో అందులోనే వ్రాయించుడు. తిరిగి మట్టి పరీక్ష చేయించి రెండు అంకెలు పోల్చిన తరువాతనే లెక్క ముగించుకొనుడు.